మెట్లు ఎవరు పెట్టారు?

(స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



ఎవరి పేరున ఈ సాయంత్రం మనం ఇక్కడ చేరామో ఆయన ఒక్క కచేరీ కూడా చేసినవారు కారు. గ్రంథం రాయలేదు. ఎవరికీ సరళీ స్వరాలు చెప్పలేదు. యాభై ఏళ్ళ పాటు ఈ ఊళ్ళో వీణలూ తంబూరాలూ బాగుచేశారు, అంతే. మనమంతా ఆయన్ని ఆచారి గారనే అన్నాం. ఆహ్వాన పత్రిక అచ్చుకు ఇచ్చేటప్పుడు ఆయన పూర్తి పేరేమిటని కార్యదర్శి గారు నలుగురిని అడగాల్సి వచ్చిందట. స్మారకోపన్యాసాలు మామూలుగా విద్వాంసుల పేరునో, విరాళం ఇచ్చినవారి పేరునో జరుగుతాయి. మరమ్మతులు చేసిన మనిషి పేరున జరపాలన్న ఆలోచన ఎవరిదోగానీ వారికి నా దండం.

నేను ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఇంట్లో వీణ అమ్మది. నాకు వాయించడం రాదు. అందుకని 'వాద్యాల పుట్టుక' అంటూ నాకు ఇచ్చిన పెద్ద విషయాన్ని నా చేతికి అందే కొలతకు కుదించుకుంటున్నాను. వీణ మీద 24 మెట్లుంటాయి. అవి అక్కడికి ఎలా వచ్చాయన్నదే ఇవాళ నేను చెప్పబోయే కథ.

ఓ ఏడు మే నెలలో ఇంటికి సున్నాలు వేయిస్తూ సామానంతా పెరట్లోకి చేర్చాం. వీణను తీసుకెళ్ళి వేపచెట్టు నీడలో పెట్టింది నేనే. పొద్దు తిరిగింది, నీడా దానితో పాటే తిరిగింది, నేను చూసుకోలేదు. మధ్యాహ్నం అమ్మ వచ్చి చూసేసరికి మైనం జారిపోయి కొన్ని మెట్లు పక్కకు ఒరిగాయి, కొన్ని లోపలికి కుంగాయి. అమ్మ నన్ను తిట్టలేదు. "పోయి ఆచారి గారిని పిలుచుకురా" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆయన సైకిలు మీద వచ్చారు. ముందు మెట్లన్నీ ఊడదీసి, వరస తప్పకుండా చాప మీద పేర్చారు. దండి మీది పాత మైనం గీకి గిన్నెలో వేసుకున్నారు, ఒక్క పెచ్చు కూడా పారెయ్యకుండా. మా కుంపటి మీదే దాన్ని కరిగించి కొత్త తేనెమైనం, దంచిన గుగ్గిలం, జల్లించిన బొగ్గుపొడి కలిపారు. కాస్త చల్లారాక ఓ చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, తుంచి చూసి, మళ్ళీ గిన్నెలో పడేశారు. "గుగ్గిలం ఎక్కువైతే పెళుసమ్మా, తక్కువైతే ఎండకు నిలబడదు" అన్నారు అమ్మతో. తర్వాత దండికి అటూ ఇటూ పొలం గట్లలా రెండు గట్లు వేశారు. మెట్టు చెక్కకు తగలదు. ఆ రెండు గట్ల మీద, కాలవ మీది పలకలా నిలుస్తుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది. చెక్కలో దిగగొడితే మెట్టును మళ్ళీ కదపలేం. మైనంలో అయితే కావలసినప్పుడు కదులుతుంది, వద్దన్నప్పుడు ఆగుతుంది.

ఈ పనిని వీణలు చేసేవాళ్ళు 'మేళం కట్టడం' అంటారు. ఈ మాట మీద తర్వాత చాలా పని ఉంది, గుర్తుంచుకోండి.

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. మెట్ల స్థానాలకు లెక్క ఉందని, 2కు పన్నెండో మూలం తీస్తే వచ్చేస్తుందని కొత్తగా తెలుసుకున్న రోజులు. స్కేలు పట్టుకుని, తీగె పొడవు కొలిచి, సరిగ్గా సగం దగ్గర పెన్సిలుతో గీత గీసి, "ఆచారి గారూ, పన్నెండో మెట్టు ఇక్కడికి రావాలి" అన్నాను. అమ్మ మొహం మాడ్చుకుంది. ఆయన మాత్రం "పెట్టి చూద్దాం బాబూ" అని అక్కడే పెట్టారు. సారణి తీగె మీటి చూపించారు. పై షడ్జం హెచ్చి పలికింది. నా చెవికే తెలిసిందంటే ఎంత హెచ్చిందో ఊహించుకోండి. ఆయన దాన్ని దండి చివరి యాళి తల వైపు వెంట్రుకవాసి జరిపారు. మళ్ళీ మీటారు. ఈసారి తంబూరాతో కలిసింది.

ఎందుకలా అయిందో నాకు రాత్రంతా నిద్రపట్టలేదు. తీగె మెట్టుకు పైన కొంత ఎత్తులో ఉంటుంది. వేలితో నొక్కి మెట్టుకు ఆనిస్తే ఆ కాస్తా సాగుతుంది, బిగువు పెరుగుతుంది, శ్రుతి హెచ్చుతుంది. ఎంత హెచ్చుతుందన్నది తీగె లావును బట్టి, ఎత్తును బట్టి, ఒక్కో వీణకు ఒక్కో తీరు. నా లెక్కలో తీగె ఉందిగానీ వేలు లేదు.

అక్కడినుంచి మొదలైన కుతూహలమే ఇది.

వాద్యాలు ఎలా పుట్టాయని అడిగితే మనకు రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి దేవుడు ఇచ్చాడని, రెండోది ఎవరో మహానుభావుడు కనిపెట్టాడని. రెంటిలోనూ ఒకే లోపం ఉంది. రెండూ పుట్టుకను ఒక్క రోజుకు ముడివేస్తాయి. నాకు తోచిందేమిటంటే, వాద్యం ఎవరికో వచ్చిన ఇబ్బందిలోంచి పుడుతుంది. దానికి ఎవరో ఒక మరమ్మతు చేస్తారు. ఆ మరమ్మతు ఇంకో ఇబ్బంది తెస్తుంది, దానికి ఇంకొకరు చేస్తారు.

పాతవాటిలో మనకు మిగిలినవి ఎముకలు. చెక్క చివికిపోతుంది, వెదురు పుచ్చిపోతుంది, మైనం సంగతి చెప్పక్కర్లేదు. ఊర్ అనే ప్రాచీన నగరపు రాజసమాధుల్లో లెనార్డ్ వూలీ 1920ల చివర్లో తవ్వుతున్నప్పుడు ఒక తంత్రీవాద్యం చెక్క పూర్తిగా మట్టిలో కలిసి, దాని జాగాలో బోలు మాత్రమే మిగిలింది. ఆయన ఆ బోలులోకి ప్లాస్టర్ పోయించి ఆకారం రాబట్టాడు. అలాంటి అదృష్టం ఎప్పుడూ పట్టదు. అందుకని మొదటి వాద్యం ఏదని ఎవరైనా ఖాయంగా చెబితే, అది దొరికినవాటిలో మొదటిదనే అర్థం చేసుకోవాలి.

2008లో దక్షిణ జర్మనీలో హోలె ఫెల్స్ అనే గుహలో నికొలస్ కొనార్డ్ బృందానికి ఒక పిల్లనగ్రోవి ముక్కలుగా దొరికింది. రాబందు రెక్క ఎముక. 5 రంధ్రాలు, దాదాపు 22 సెంటీమీటర్ల పొడవు. వయసు 35 వేల ఏళ్ళకు పైమాటే. 40 వేలకు దగ్గరని చాలామంది లెక్క. స్లొవేనియాలో 1995లో దొరికిన గుహ ఎలుగు తొడ ఎముకైతే ఇంకా పాతది. కానీ దాని మీది రంధ్రాలు మనిషి పెట్టినవా, జంతువు కోర పెట్టినవా అన్న తగువు ఇంకా తేలలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఇవి కావు. హోలె ఫెల్స్‌కు దగ్గర్లోనే గైసెన్‌క్లోస్టర్లె అని ఇంకో గుహ ఉంది. అక్కడ మామత్ దంతంతో చేసిన పిల్లనగ్రోవి దొరికింది. పక్షి ఎముక పుట్టుకతోనే బోలు. రంధ్రాలు పెడితే చాలు. దంతం గట్టి. దాన్ని నిలువునా చీల్చి, రెండు బద్దలనూ లోపల తొలిచి, గాలి బయటికి పోకుండా మళ్ళీ అతికించాలి. తేలికైన దారి చేతిలో ఉండగా ఇంత అవస్థ ఎందుకు? నా ఊహ ఇది: పక్షి ఎముక ఆ పక్షి ఉన్నంతే ఉంటుంది. కొంచెం పొడుగ్గా, కొంచెం లావుగా, స్వరం కొంచెం కిందికి కావాలనుకున్నవాడికి అది చాలలేదు. అతికించిన ఆ జిగురు దగ్గర నాకు ఆచారి గారి గిన్నె గుర్తొస్తుంది.

మన వీణ దగ్గరికి వద్దాం.

మదరాసు ఎగ్మోరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసే ఉంటారు. కొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. వాటిలో వీణ ఎక్కడుందని వెతికితే మనకు తెలిసిన వీణ కనపడదు. ఒళ్ళో విల్లు లాంటిది పెట్టుకుని, వరసగా కట్టిన తీగెలు మీటుతూ కనిపిస్తారు. నాగార్జునకొండలోనూ అంతే. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు వేయించిన బంగారు నాణెం మీద రాజు వాయిస్తున్నదీ అదే. నాట్యశాస్త్రం చెప్పిన ఏడు తీగెల చిత్రా వీణ, తొమ్మిది తీగెల విపంచి ఈ జాతివే. ఆనాడు వీణ అంటే ఈ విల్లు వీణ. దాని మీద మెట్టన్నది లేదు, ఎందుకంటే తీగెకొక స్వరం. బర్మావాళ్ళ దగ్గర 'సాంగ్' అనే పేరుతో దాని చుట్టం ఇంకా బతికే ఉంది, జింక తోలు కప్పుకుని. మన దగ్గర మాత్రం క్రీస్తుశకం మొదటి వెయ్యేళ్ళు ముగిసేసరికి దాదాపు కనుమరుగైంది.

అంత అందమైన వాద్యం ఎందుకు పోయిందంటే, దానితో ఉన్న ఇబ్బందిని ఒక్కసారి తలుచుకోండి. రాగం మారితే తీగెలు మళ్ళీ శ్రుతి చేసుకోవాలి. స్వరాన్ని ఊపాలంటే, జారించాలంటే ఆ తీగె మీద అంత వీలుండదు. దాని జాగాలోకి కర్రకు బుర్ర కట్టిన వాద్యాలు వచ్చాయి. ఒక్క తీగె ఉన్న ఏకతంత్రి కూడా, వెదురు బద్ద జరుపుతూ వాయిస్తే, స్వరాలన్నీ పలికింది. కానీ ఈసారి చేయి ఎక్కడ ఆగాలన్నది ఇబ్బంది అయింది. ఆ ఆగే చోటును ఎవరో కర్రకే అతికించారు. అదే మెట్టు. మెట్లున్న కిన్నరీ వీణను మతంగుడికి అంటగడుతుంది సంప్రదాయం. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రాసేనాటికి అది స్థిరపడింది. ఆయన కిన్నరికి మెట్లు దేనితో చెప్పాడో తెలుసా? రాబందు ఎముకతో. అతికించడానికి మైనంలో బట్ట కాల్చిన బూడిద కలపమన్నాడు. జర్మనీ గుహకూ దేవగిరికీ సంబంధం ఉందనడం లేదు. తేలికగా, గట్టిగా, సన్నగా ఉండే వస్తువు కావలసినప్పుడు రెండు చోట్లా చేయి ఆ ఎముక మీదే పడింది, అంతే. బూడిద జాగాలోకి బొగ్గుపొడి వచ్చింది. ఎముక జాగాలోకి కంచు వచ్చింది.

ఆ కిన్నరి రాజుల కొలువుల్లోంచి వెళ్ళిపోయిందిగానీ ఊళ్ళలోంచి పోలేదు. పాలమూరు వైపు డక్కలివారి భుజం మీద సొరబుర్రలు, వెదురుకర్ర, మైనంలో గుచ్చిన మెట్లతో అది కిన్నెరగా ఉండిపోయింది. 2022లో దర్శనం మొగిలయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలన్నీ 'పన్నెండు మెట్ల కిన్నెర' అని రాశాయి. వాద్యాన్ని మెట్ల లెక్కతో పిలవడం జనానికి సహజంగా వచ్చింది. శాస్త్రగ్రంథాల్లో కిన్నరి బొమ్మల కోసం వెతికే పరిశోధకులు ఆ కిన్నెరను దగ్గరగా చూశారా అన్నది నా అనుమానం.

ఇక అసలు ఘట్టం. మెట్లు వచ్చాక ఇంకో ఇబ్బంది మొదలైంది. రాగం రాగానికీ స్వరస్థానాలు మారతాయి కదా, మెట్లు జరుపుకోవాలి. 1550లో విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాస్తూ వీణలు రెండు తీరులన్నాడు. ఒకటి ఏకరాగ మేళ వీణ, రాగం మారితే మెట్లు జరపాలి. రెండోది సర్వరాగ మేళ వీణ, మెట్లన్నీ స్థిరంగా ఉంటాయి, ఏ రాగమైనా పలుకుతుంది. ఒక మేళానికి అచ్యుతదేవరాయల పేరు పెట్టాడు. తర్వాత తంజావూరులో, 1600 నుంచి 1634 దాకా ఏలిన రఘునాథ నాయకుడి పేరున ఇంకో మేళ వీణ వచ్చింది. ఇప్పుడు మనం సరస్వతీ వీణ అంటున్నది, స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 స్థిరమైన మెట్లున్నది, ఆ కొలువులోనే రూపు దిద్దుకుందని చాలామంది ఒప్పుకుంటారు. రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు, వీణ తెలిసినవాడు. ఆయన పేరు పెట్టడంలో తప్పేమీ లేదు. కానీ స్థిరమైన మెట్ల ఆలోచన అప్పటికి యాభై ఏళ్ళ నాటిది. పైగా ఒక రాజు పేరున ఒక మేళం, ఇంకో రాజు పేరున ఇంకో మేళం ఉన్నాయిగానీ, కుంపటి ముందు కూర్చుని ఆ గట్లు వేసిన ఆచారి పేరున ఒక్కటీ లేదు.

మేళం అన్న మాట గుర్తుంచుకోమన్నాను. మేళం అంటే కూర్పు, వీణ మీద మెట్ల కూర్పు. తర్వాత అదే రాగాల కూర్పుకూ పేరైంది. రఘునాథుడి మంత్రి గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి చతుర్దండీప్రకాశిక రాశాడు, రఘునాథుడి కొడుకు విజయరాఘవుడి కొలువులో. 72 మేళాలు అందులోవే. ఆ గ్రంథంలో మొదటి ప్రకరణం వీణ గురించి. ఇది నాకు చాలా పెద్ద సాక్ష్యం. మెట్లు 12 అని నిలిచిపోయాక ఇక లెక్క కట్టడం మిగిలింది: షడ్జ పంచమాలు కదలవు, మధ్యమాలు 2, రిషభ గాంధారాలను జత చేసే తీరులు 6, ధైవత నిషాదాలకు 6. ఆరార్ల 36, రెండు ముప్ఫయ్యార్లు 72. దండి మీద వేళ్ళు నడిచిన దారే ఇది. శాస్త్రం ముందు పుట్టి వీణ దాన్ని అనుసరించిందని మనం పాఠాల్లో చెబుతాం. నాకైతే మైనంలో మెట్లు ముందు కుదురుకుని, శాస్త్రం వాటిని ఎక్కి వచ్చిందనిపిస్తుంది. సంగీత విద్వాంసులు కోప్పడతారని తెలుసు. వారికి టీ సమయంలో దొరుకుతాను.

దాదాపు ఆ కాలంలోనే ఇటలీలోనూ ఇదే తంటా. అక్కడి ల్యూట్‌కు మెట్లంటే మెడ చుట్టూ కట్టిన పేగు తీగెలు, అటూ ఇటూ జరుగుతాయి. విన్చెంజో గలిలేయి అని ల్యూట్ విద్వాంసుడు, మన పాఠాల్లో వచ్చే గెలీలియోకు తండ్రి. ఆయన 1581లో తన గ్రంథంలో ఒక సులువు చెప్పాడు: మిగిలిన తీగె పొడవును 18 భాగాలు చేసి ఒక భాగం దగ్గర మెట్టు కట్టు, మళ్ళీ మిగిలినదాన్ని 18 చెయ్యి. ఇలా 12 సార్లు చేస్తే మిగిలేది తీగెలో 0.5036 వంతు. సరిగ్గా సగం కాదు, సగం కంటే రవ్వంత ఎక్కువ. అంటే పై షడ్జం లెక్క ప్రకారం రవ్వంత తగ్గి పలకాలి. నొక్కితే హెచ్చుతుంది కదా, ఆ తగ్గిందీ ఈ హెచ్చిందీ కొంతవరకు సరిపోతాయి. చైనాలో జు జైయు అదే కాలంలో పన్నెండో మూలాన్ని అంకెల్లో కచ్చితంగా తీశాడు. వాద్యం కట్టేవాడికి మాత్రం ఈ మోటు లెక్కే పనికొచ్చింది. ఈ సంగతి నాకు నలభయ్యో ఏట తెలిసింది. ఆచారి గారికి చెబితే, "మరి ఆనాడు నువ్వు పద్ధెనిమిది అనకుండా సగం అన్నావేం?" అన్నారు. ఆ పెన్సిలు గీత ఆయనకు గుర్తుంది!

స్థిరమైన మెట్టుతో గమకం పోతుందని ఎవరైనా భయపడి ఉంటారు. పోలేదు. ఒకే మెట్టు మీద తీగెను పక్కకు లాగి పై స్వరాలు రాబట్టడం వీణకు ప్రాణమైంది. ఉత్తరాదిన సితారుకు మెట్లు దారంతో కట్టి ఉంటాయి, ఇప్పటికీ రాగాన్ని బట్టి జరుపుకుంటారు. రామామాత్యుడు చెప్పిన రెండు తీరులూ ఇలా రెండు దిక్కుల్లో బతుకుతున్నాయి. ఫిడేలుకు మెట్లే లేవు. బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చాక ద్వారం వారి దాకా వచ్చేసరికి అది పరాయిదని ఎవరికీ తోచలేదు. హార్మోనియానికి తెలుగులో మనం పెట్టిన పేరూ మెట్లే, కానీ వాటి మీద లాగడానికి తీగె లేదు. ఆకాశవాణి 1940లో దాన్ని వెలివేసి 1971లో గానీ తలుపు తియ్యలేదు. ఈలోగా పద్యనాటకం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరూరా తిరిగింది. ఆకాశవాణివారి వాదనలో న్యాయం ఉంది. నాటకంవాళ్ళ ఇబ్బందిలో అంతకంటే ఎక్కువ న్యాయం ఉంది. వేలమంది ముందు, మైకు లేని రోజుల్లో, శ్రుతి వినపడాలి కదా.

మన కాలంలోనే జరిగిన మరమ్మతు ఒకటి చెప్పి ముగిస్తాను. మాండలిన్‌కు మామూలుగా 8 తీగెలు, రెండేసి చొప్పున 4 జతలు. జత తీగెను పక్కకు లాగితే రెండూ ఒక్కలా సాగవు, గమకం చెదురుతుంది. గుండ్రటి పెట్టె మోత కూడా వెంటనే ఆరిపోతుంది. పాలకొల్లు నుంచి వచ్చిన శ్రీనివాస్ చేతిలో ఉన్నది ఎలక్ట్రిక్ మాండలిన్, దానికి 5 ఒంటి తీగెలు. జత పోయింది, లాగడానికి వీలైంది. విద్యుత్తుతో మోత నిలిచింది. ఆయన 2014లో, 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు. ఆ వాద్యానికి వేరే పేరెవరూ పెట్టలేదు. మాండలిన్ అనే అంటున్నాం. కొత్త వాద్యం పుట్టినా మనకు తెలియని తీరు ఇలాగే ఉంటుంది.

మా అమ్మ వీణను ఇవాళ ఇక్కడికి తెచ్చాను, బల్ల మీద ఉంది. ఈ ఉపన్యాసం తర్వాత దాని మీదే కచేరీ. పొద్దున కారులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను, ఇన్నేళ్ళకీ బుద్ధి రాలేదు. నాలుగో మెట్టు కొంచెం ఒరిగింది, అంతర గాంధారం తగ్గి పలుకుతోందని కచేరీ చేసే అమ్మాయి ఇందాక నా చెవిలో చెప్పింది. ఆచారి గారి మనవడు వెనక వరసలో ఉన్నాడు, కుంపటికి బదులు హెయిర్ డ్రయర్ తెచ్చుకున్నాడు. ఓ పది నిమిషాలు ఓపిక పట్టండి.